40 పార్సిళ్లు, ఒక క్షమాపణ పత్రం

నాలుగేళ్ల కిందట మా కాలేజీ బాయ్స్ హాస్టల్లో ఒక సెకండియర్ అబ్బాయి రాత్రిపూట ఎగ్ రైస్ అమ్ముతూ పట్టుబడ్డాడు. మెస్‌లో భోజనాలు ఎనిమిదింటికి అయిపోతాయి. పిల్లలేమో ఒంటిగంట దాకా మేలుకుంటారు. పదకొండయ్యేసరికి అందరికీ ఆకలి. హైవే పక్కన ఫాస్ట్‌ఫుడ్ బండి పన్నెండు దాకా ఉంటుంది. ఈ అబ్బాయి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని, బండి అతనికి ఫోన్ చేసి, వెనక గోడ మీదుగా పార్సిళ్లు అందుకుని గదులకు చేర్చేవాడు. పార్సిల్‌కి 10 రూపాయలు మిగిలేది. మిడ్ పరీక్షల రోజుల్లో 40 పార్సిళ్ల దాకా వెళ్లేవట.

వార్డెన్ స్వాధీనం చేసుకున్న లాంగ్ నోట్‌బుక్ నేను చూశాను. తేదీ, గది నంబరు, ఎన్ని, ఎంత, ఎవరు బాకీ. బాకీ ఎగ్గొట్టిన వాళ్ల పేర్ల పక్కన ఎర్ర చుక్క. వాళ్లకి మళ్లీ ఆర్డర్ ఇవ్వలేదు. డబ్బులు ముందే కడితే పార్సిల్‌కి 3 రూపాయలు తగ్గిస్తానని బండి అతను అన్నాడట. దానికోసం ఈ అబ్బాయి ముగ్గురు స్నేహితుల దగ్గర 2,000 తీసుకున్నాడు. ఎవరిది ఎంత, తిరిగి ఎప్పుడు ఇచ్చాడు, అదంతా చివరి పేజీల్లో రాసి ఉంది. 19 ఏళ్ల పిల్లాడు ఎవరూ చెప్పకుండా పెట్టుకున్న లెక్కలవి.

డిసిప్లినరీ కమిటీలో నేనూ సభ్యుణ్ణి. తండ్రిని పిలిపించాం. ఆయన కౌలు రైతు. పనిరోజు పాడుచేసుకుని, బస్సెక్కి వచ్చి, మా అందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇంకెప్పుడూ ఇలాంటివి చెయ్యడు సార్, చదువు మీదే ఉంటాడు" అని కొడుకు తరఫున మాటిచ్చాడు. 2,000 జరిమానా, ఒక క్షమాపణ పత్రం. కింద నేను కూడా సంతకం పెట్టాను. అప్పటికి కాలేజీ ఎంట్రప్రెన్యూర్‌షిప్ సెల్, అంటే విద్యార్థుల్ని వ్యాపారం వైపు ప్రోత్సహించాల్సిన ఈ-సెల్ కోఆర్డినేటర్‌ని కూడా నేనే.

వార్డెన్‌ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. బయటి తిండి తిని ఎవరికైనా వాంతులైతే, గోడ దూకుతూ ఎవడైనా పడితే జవాబు చెప్పాల్సింది ఆయనే. కానీ ఆ రోజు గదిలో ఉన్న ఆరుగురు పెద్దవాళ్లలో ఒక్కరం కూడా ఆ అబ్బాయిని "ఎలా చేశావురా ఇదంతా?" అని అడగలేదు. పదింటిలోపు మెయిన్ గేటు నుంచి తెచ్చుకో, బండి శుభ్రంగా ఉందో లేదో మేం చూస్తాం అని చెప్పి ఉండొచ్చు. అదీ చెప్పలేదు. అదే నెలలో ఈ-సెల్ తరఫున ఐడియా పోటీ పెట్టాం. జడ్జీగా కూర్చుని స్మార్ట్ డస్ట్‌బిన్ పీపీటీకి మొదటి బహుమతి ఇచ్చాను. ఆ టీమ్ అప్పటిదాకా ఒక్క డస్ట్‌బిన్ కూడా తయారు చెయ్యలేదు.

అప్పటినుంచి ఒకటే ప్రశ్న నన్ను వదలడం లేదు. వ్యాపారం పెట్టాలన్న కోరిక విద్యార్థిలో పెరగడానికో, తరగడానికో కారణం మేం ఆడిటోరియంలో చెప్పే మాటలా? లేక ఉదయం తొమ్మిదింటికి గేటు దగ్గర ఐడీ కార్డు చూపించడం మొదలు రాత్రి హాస్టల్ అటెండెన్స్ దాకా మేం వాళ్లతో నడుచుకునే తీరా? రెండోదే అని నా నమ్మకం. ఇంకో మాట కూడా చెప్పాలి. మాటలతో మేం ఇచ్చేదానికంటే మా తీరుతో తీసేసుకునేదే ఎక్కువ.

పైనుంచి ప్రోత్సాహం లేక కాదు. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం స్టార్టప్ ఇండియా వచ్చింది. అదే ఏడాది సాంకేతిక విద్యని పర్యవేక్షించే ఏఐసీటీఈ విద్యార్థుల కోసం స్టార్టప్ పాలసీ తెచ్చింది. 2018 నుంచి కాలేజీల్లో ఇన్నోవేషన్ కౌన్సిళ్లు మొదలయ్యాయి. 2019లో విద్యాసంస్థల కోసం జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం వచ్చింది. ఈ చివరిదాన్ని నేను రెండుసార్లు పూర్తిగా చదివాను. స్టార్టప్ నడుపుతున్న విద్యార్థికి హాజరు తక్కువైనా, సంస్థ అనుమతితో పరీక్ష రాయనివ్వొచ్చని అందులో ఉంది. మినీ ప్రాజెక్టు, మేజర్ ప్రాజెక్టు బదులు తన స్టార్టప్ పనినే చూపించుకోవచ్చు. ఒక సెమిస్టరో, ఏడాదో విరామం తీసుకోవచ్చు. కాలేజీ చిరునామాతో కంపెనీ రిజిస్టర్ చేసుకోవచ్చు. రాసినవాళ్లు కాలేజీ లోపలి జీవితం తెలిసి రాశారనిపించింది.

ఆచరణలో మాకు అందింది మాత్రం రిపోర్టులు. మూడు నెలలకొకసారి ఇన్ని కార్యక్రమాలు జరిగాయని చూపించాలి. జియో ట్యాగ్ ఉన్న ఫొటోలు, హాజరు పట్టిక, ఫీడ్‌బ్యాక్ ఫారాలు. గెస్ట్ లెక్చర్ పెడితే ఆ గంటకి అటెండెన్స్ ఇస్తాం కాబట్టి 300 మంది వస్తారు. చివర్లో గూగుల్ ఫారం పంపుతాం: "చదువయ్యాక మీరు ఎంట్రప్రెన్యూర్ కావాలనుకుంటున్నారా?" ఎక్కువమంది ఎస్ అని నొక్కుతారు. దాన్ని గ్రాఫ్ గీసి పైకి పంపుతాం. అటెండెన్స్ సడలింపు ఫైలు మాత్రం మా దగ్గర ఒక్కసారి కూడా కదల్లేదు. హాజరు 75 శాతం లేకపోతే మినహాయింపు కోసం కండోనేషన్ ఫీజు, 65 కూడా లేకపోతే డీటెయిన్, అంటే పరీక్ష రాయనివ్వరు. బీటెక్ పిల్లలకి కంఠతా వచ్చిన నిబంధన ఇదొక్కటే. ఒక నిబంధన వాళ్లకి తెలుసు, ఇంకోటి తెలియదు. తెలియకపోవడానికి కారణం మేమే.

వ్యాపారం చేయాలన్న కోరికని నేర్పించవచ్చా అన్న ప్రశ్నకి మన నేల మీదే ఒక పాత జవాబు ఉంది. ఎంబీఏ చదివినవాళ్లకి కాకినాడ ప్రయోగం పేరు గుర్తుండవచ్చు. హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం బోధించిన డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడలోని చిన్న వ్యాపారస్తుల్ని ఎంచుకుని, విడతలుగా హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి రప్పించారు. అప్పట్లో దాన్ని సియెట్ అనేవాళ్లు, ఇప్పటి ని-ఎంఎస్ఎంఈ అదే. సుమారు పది రోజుల శిక్షణ. మొత్తం 50 మందికి పైగా పాల్గొన్నారు. బొమ్మలు చూపించి కథలు రాయించేవాళ్లు. రింగులు విసిరే ఆట ఆడించేవాళ్లు. జాతరలో సబ్బుల మీదా పెర్ఫ్యూమ్ సీసాల మీదా రింగులు వేస్తాం చూడండి, అలాంటిదే. ఎంత దూరంలో నిలబడాలన్నది ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. మరీ దగ్గరగా నిలబడితే గెలుస్తాం కానీ అందులో ఏమీ లేదు. మరీ దూరం వెళితే గెలుపు అదృష్టం మీద ఆధారపడుతుంది. కష్టమే అయినా సాధించగలిగే దూరాన్ని వెతుక్కోవడమే అందులో నేర్చుకోవాల్సింది.

తర్వాత రెండేళ్లపాటు వాళ్ల వ్యాపారాలు ఎలా నడుస్తున్నాయో చూశారు. శిక్షణ తీసుకోనివాళ్లతో పోలిస్తే వీళ్లలో ఎక్కువమంది కొత్త పనులు మొదలుపెట్టారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. కోరిక పుట్టుకతో రావాల్సిందే అన్న వాదనకి ఇది గట్టి దెబ్బ. నాకు మాత్రం ఇందులో ఇంకో విషయం ముఖ్యం అనిపిస్తుంది. ఆ కాకినాడ మనుషులు రైలెక్కి ఇంటికి వెళ్లగానే గల్లాపెట్టె ముందు కూర్చున్నారు. హైదరాబాద్‌లో కలిగిన ఆలోచనని మర్నాడే తమ షాపులో, తమ డబ్బుతో, ఎవర్నీ అడక్కుండా ప్రయత్నించి చూసుకునే వీలు వాళ్లకుంది. మా ఆడిటోరియంలోంచి బయటికొచ్చే పిల్లాడికి కాలేజీ లోపల సొంతంగా తీసుకోగల నిర్ణయం ఏముంది? టెక్ ఫెస్ట్‌లో బ్యానర్ కట్టాలన్నా మూడు సంతకాలు కావాలి. ఔట్‌పాస్ లేకుండా గేటు దాటలేడు. రింగు చేతిలో పెట్టి, నిలబడాల్సిన గీత కూడా మేమే గీసి, ఆ గీత దాటితే తండ్రిని పిలిపిస్తున్నాం.

పాఠాల సంగతీ అంతే. జేఎన్‌టీయూలో చదివిన ప్రతి ఇంజినీరుకీ మెఫా గుర్తుంటుంది. మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్. ఇప్పుడు కొన్ని రెగ్యులేషన్లలో పేరు మారింది. అందులో బ్రేక్ ఈవెన్ పాయింట్, అంటే ఎంత అమ్మితే ఖర్చులు వెళ్లిపోతాయన్నది, ఖాయంగా వచ్చే ప్రశ్న. గీతలు గీస్తారు, ఫార్ములా రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. కాలేజీ ఎదురుగా ఉన్న టీకొట్టుకి రోజుకి ఎన్ని టీలు అమ్మితే అద్దె, గ్యాస్, పాలు, మనిషి కూలి వెళ్లిపోతాయో లెక్కకట్టమని ఏ ఏడాదీ ఎవరూ అడగలేదు. పోయినేడు మెఫా చెప్పే మా సహోద్యోగిని బతిమాలి ఒక సెక్షన్‌లో అదే అసైన్‌మెంట్ ఇప్పించాను. పిల్లలు టీకొట్టు ఆయన దగ్గర కూర్చున్నారు. పుస్తకంలో కనిపించని ఖర్చులన్నీ అక్కడ కనిపించాయి. విరిగిపోయే గాజుగ్లాసులు, సెలవుల్లో కూడా కట్టాల్సిన అద్దె, సెమిస్టర్ చివర్లో బాకీ తీర్చకుండా ఇంటికి వెళ్లిపోయే విద్యార్థులు. ఇది చూసి ఒకమ్మాయి రాసిన వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది: "కాలేజీకి ఏడాదిలో ఎన్ని రోజులు సెలవులో, అన్ని రోజులు ఆయన వ్యాపారానికీ సెలవు. మేం ఈ లెక్క ఎప్పుడూ ఆలోచించలేదు."

మా కాలేజీకి బెజవాడ ఆటోనగర్ ఎంతో దూరం లేదు, అంతా బళ్ల రిపేరు షెడ్లే. అక్కడ హెల్పర్‌గా చేరిన కుర్రాడు కొన్నేళ్లకి మేస్త్రీ అవుతాడు, ఇంకొన్నేళ్లకి కొందరు సొంత షెడ్డు వేసుకుంటారు. వాళ్లకి ఎవరూ ఎంట్రప్రెన్యూర్‌షిప్ మీద లెక్చర్ ఇవ్వలేదు. ఓనరు గిరాకీతో ఎలా బేరమాడుతున్నాడో, స్పేర్ పార్టులు ఎక్కడ చౌకగా తెస్తున్నాడో, ఎవరికి అరువివ్వనంటున్నాడో పక్కనుండి చూశారు. నాకూ చేతనవుతుంది అన్న నమ్మకం అలా చూస్తూ చూస్తూ వస్తుంది. మా కాలేజీలో మెకానికల్ చదివే పిల్లలు నాలుగేళ్లలో ఒకసారి ఇండస్ట్రియల్ విజిట్ పేరుతో వేరే రాష్ట్రానికి వెళ్లి ఫొటోలు దిగి వస్తారు. ఆటోనగర్‌కి మాత్రం వెళ్లరు.

నమ్మకం అన్నాను కదా. ఈ విషయం మీద పరిశోధించేవాళ్లు ఎక్కువగా వాడుకునే సిద్ధాంతం ఐసెక్ ఐజెన్ 1991లో వివరించినది. ఒక పని చేయాలన్న సంకల్పం మూడింటి మీద నిలబడుతుందంటారు. ఆ పని మీద మనకున్న అభిప్రాయం, మనవాళ్లు ఏమంటారన్నది, అది మన చేతిలో పనేనా అన్న అంచనా. కాలేజీలు తమ బలమంతా మొదటిదాని మీదే పెడుతున్నాయి. పెద్ద పెద్ద విజయగాథలు చెప్పించి ఇష్టం కలిగిస్తున్నాయి. ఇష్టానికి కొరతేమీ లేదు, ఈ తరం పిల్లలకి అది ఫోన్లోనే దొరుకుతోంది. కొరత మిగతా రెండింటికీ.

"మనవాళ్లు" అంటే ముందు ఇల్లు. కొడుకు ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న తండ్రిది పాతకాలపు బుద్ధి అని సెమినార్లలో కొందరు వక్తలు తేలిగ్గా అంటారు. నాకు చాలా బాధనిపిస్తుంది. ఆ తండ్రికి పెన్షన్ లేదు. చెల్లెలి పెళ్లి ఉంది. హాస్టల్ ఫీజుకి చేసిన అప్పు ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ఆలస్యమైతే సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉండిపోతాయేమోనన్న భయం ఉంది. ఒరిజినల్స్ చేతికి రాని పిల్లాడు రిస్క్ తీసుకోవాలని వేదిక మీద నుంచి చెప్పడం న్యాయమా? ఆ సర్టిఫికెట్లు ఆపకుండా ఇవ్వడమే ఒక కాలేజీ చేయగల పెద్ద ప్రోత్సాహం అంటాను నేను.

ఇల్లు తర్వాత కాలేజీ కూడా మనవాళ్లలోకే వస్తుంది. మూడో ఏడాది రెండో సెమిస్టర్ నుంచి సీఆర్‌టీ క్లాసులు, అంటే క్యాంపస్ ఉద్యోగాలకి శిక్షణ, మొదలవుతాయి. మెయిన్ గేటు మీదా, బస్సుల వెనకా ఫ్లెక్సీలు ఉంటాయి: ఫొటో, కంపెనీ పేరు, ప్యాకేజీ. ప్లేస్‌మెంట్స్ చెడ్డవని నేననను. నా విద్యార్థుల ఇళ్లలో మొదటి జీతం ఎంత వెలుగు తెస్తుందో నాకు తెలుసు. నా ఇంట్లోనూ తెచ్చింది. కానీ ఆ ఫ్లెక్సీ మీద, పలకల కోత మిషన్ పెట్టుకుని ఆరుగురికి పని ఇస్తున్న మా పాత విద్యార్థి ఫొటో నేను చూడలేదు. అడిగితే "ప్యాకేజీ దగ్గర ఏం రాస్తాం సార్?" అన్నారు. పిల్లలు రోజూ ఆ గేటు కిందనుంచే లోపలికి వస్తారు.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా బిగుసుకుపోయి ఉంటుంది. తెలంగాణలో వ్యాపారం పెట్టే మహిళలకి సాయం చేయడానికి ప్రత్యేకంగా వీ-హబ్ అనే ప్రభుత్వ సంస్థ 2018లో మొదలైంది, మంచి పని. అక్కడిదాకా వెళ్లాలంటే ముందు హాస్టల్ గేటు దాటాలి. మా గర్ల్స్ హాస్టల్ గేటు సాయంత్రం ఆరింటికి మూస్తారు, బాయ్స్‌ది ఎనిమిదిన్నరకి. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక అమ్మాయి, వాళ్లమ్మా కలిసి మగ్గం వర్క్ జాకెట్లు చేస్తారు. అమ్మ కుడుతుంది. ఈమె ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకుని, అడ్వాన్స్ ఎంత అడగాలో తేల్చి, పెళ్లిళ్ల సీజన్‌లో పక్క వీధి నుంచి ఇద్దరు పనివాళ్లని పెట్టింది. మా గూగుల్ ఫారంలో ఆమె "నో" అని నొక్కింది. ఎందుకని అడిగితే, "అది స్టార్టప్ కాదు కదా సార్, ఇంట్లో పని" అంది. నాలుగేళ్లుగా మేం వాడిన మాటలు ఆమె చేస్తున్న పనిని ఆమెకే కనబడకుండా చేశాయి.

ఆ ఫారం మీద నాకు నమ్మకం పోవడానికి ఇంకో కారణం ఉంది. నెదర్లాండ్స్‌లో ఒక కాలేజీలో విద్యార్థులతో చిన్న కంపెనీలు నడిపించే కార్యక్రమాన్ని ఊస్టర్‌బీక్, వాన్ ప్రాగ్, ఎయిసెల్‌స్టైన్ అనే ముగ్గురు పరిశోధకులు పరీక్షించారు. 2010లో ఫలితాలు వచ్చాయి. ఆ కోర్సు చేశాక వ్యాపారం పెట్టాలన్న సంకల్పం పెరగలేదు, తగ్గింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో సెక్షన్ల మీద లెర్నర్, మల్మెండియర్ చేసిన అధ్యయనం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్కడ ఎవరు ఏ సెక్షన్‌లో పడతారన్నది విద్యార్థుల చేతిలో ఉండదు. ముందే వ్యాపారం చేసి వచ్చినవాళ్లు ఎక్కువున్న సెక్షన్ల నుంచి తక్కువమంది వ్యాపారాల్లోకి వెళ్లారు. ఆ తగ్గినవి కూడా ఎక్కువగా, పెట్టి ఉంటే దెబ్బతినేవే. దెబ్బలు తిన్నవాడు పక్కనుంటే చెడ్డ ఐడియా ముందే తేలిపోతుంది.

ఇది నేను కళ్లారా చూశాను. ఒక టీమ్ పల్లెల్లో బెల్లం కొని బెజవాడ కిరాణా షాపులకు వేద్దామనుకున్నారు. ప్యాకింగ్, లోగో అన్నీ సిద్ధం. అదే క్లాసులో నాన్నకి హోల్‌సేల్ షాపున్న అబ్బాయి ఒకే ప్రశ్న అడిగాడు: "షాపువాళ్లు మీకు నెలన్నరకి గానీ డబ్బులివ్వరు. రైతుకి రోజూ ఇవ్వాలి. ఆ నెలన్నర ఎవరు మోస్తారు?" నాకు కూడా తట్టని ప్రశ్న అది. వారం రోజులు కొట్టుకుని ఆ ఆలోచన వదిలేశారు. నా రిపోర్టులో ఒక స్టార్టప్ తగ్గింది. ఆ నలుగురి తల్లిదండ్రుల డబ్బు మిగిలింది. ఈ-సెల్ చేసిన కార్యక్రమాలన్నిటిలో ఆ ఒక్క సంభాషణే ఎక్కువ విలువైనదని నాకనిపిస్తుంది. దాన్ని ఏ కాలమ్‌లో రాయాలో నాకు దొరకలేదు.

కాబట్టి ఎంతమంది ఎస్ అన్నారన్నది కాదు నాకు కావలసింది. ఎస్ అనేవాడు తెలిసి అంటున్నాడా, నో అనేవాడు భయంతో కాకుండా లెక్క చూసుకుని అంటున్నాడా అన్నది కావాలి. ఇది లెక్చర్లతో రాదు. నష్టపోయినా ప్రాణం మీదికి రానంత చిన్న మొత్తంతో, తన నిర్ణయంతో, నాలుగుసార్లు అమ్మి చూసుకుంటే వస్తుంది. స్నేహితులు దొరికితే వస్తుంది. ఆన్‌లైన్‌లో బస్ టికెట్లు అమ్మే రెడ్‌బస్ మొదలుపెట్టిన ఫణీంద్ర సామా మన నిజామాబాద్ వైపు మనిషి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి బస్ టికెట్ దొరక్క ఆ ఆలోచన వచ్చిందని ఆయనే చాలాచోట్ల చెప్పారు. అప్పటికాయన ఉద్యోగంలో ఉన్నారు. 2006లో కలిసి దిగింది బిట్స్ పిలానీ స్నేహితులతో. బిట్స్‌లో కనీస హాజరు నిబంధన లేదన్నది ఆ కాలేజీ పిల్లలందరూ చెప్పుకునే మాట. అందువల్లే రెడ్‌బస్ పుట్టిందని నేను చెప్పను. కానీ పిల్లలకి ఒకరినొకరు నమ్ముకోవడానికి కాస్త ఖాళీ సమయం కావాలి. మా టైమ్ టేబుల్‌లో అది లేదు.

ఎగ్ రైస్ అబ్బాయిని పోయిన సంవత్సరం హైదరాబాద్‌లో కలిశాను. ఒక ఐటీ కంపెనీలో చేస్తున్నాడు, బాగున్నాడు, నాన్న అప్పులు చాలావరకు తీర్చాడు. గచ్చిబౌలిలో టీ తాగుతూ, "మళ్లీ ఏమైనా వ్యాపారం ఆలోచన ఉందా?" అని అడిగాను. "లేదు సార్, అలాంటివన్నీ మానేశాను" అన్నాడు. సిగరెట్ మానేశాను అన్నట్టే అన్నాడు. ఆ పిల్లాడు ఉద్యోగం చెయ్యడం నాకు బాధ కాదు. ఆ "మానేశాను" అన్న మాట మేం నేర్పించింది. నా సంతకం నేర్పించింది. ఆ రోజు చెప్పాల్సిన సారీ అక్కడ టీకొట్టు దగ్గర చెప్పాను. వాడు కంగారుపడి, "అయ్యో, అదేం లేదు సార్" అని టీ డబ్బులు తనే ఇచ్చేశాడు.

తిరిగి వచ్చాక ఒక లెటర్ పెట్టాను. క్యాంటీన్ పక్కన ఖాళీగా ఉన్న రేకుల షెడ్డు శనివారాలు విద్యార్థులకివ్వాలి, ఏం అమ్మాలో వాళ్లిష్టం, తినేవాటికి మాత్రం శుభ్రత చూడాలి, పెట్టుబడి ఒక్కొక్కరికి 500 మించకూడదు, లాభమైనా నష్టమైనా వాళ్లదే. "నష్టమొస్తే తల్లిదండ్రులకి ఎవరు సమాధానం చెప్తారు?" అని పైనుంచి అడిగారు. నేను చెప్తానని రాసిచ్చాను. ఐదు నెలలకి అనుమతి వచ్చింది, ఒక సెమిస్టర్‌కి మాత్రమే.

మొదటి శనివారం ముగ్గురు అమ్మాయిలు మసాలా మజ్జిగ పెట్టారు. ఉదయం నుంచి మబ్బు పట్టింది. 20 లీటర్లు చేస్తే తొమ్మిదే అమ్ముడుపోయింది, 430 రూపాయలు నష్టం. సాయంత్రం షెడ్డులో కూర్చుని ముగ్గురూ గట్టిగా గొడవపడ్డారు. ముందురోజు రాత్రి వాతావరణం చూడాల్సింది ఎవరు, పెరుగు మిగిలితే ఏం చేయాలి, రేటు 15 పెట్టాల్సింది 20 ఎందుకు పెట్టాం. నేను దూరంగా ఉండి విన్నాను. మధ్యలోకి వెళ్లలేదు. కాసేపటికి వాళ్లలో ఒకమ్మాయి బ్యాగులోంచి లాంగ్ నోట్‌బుక్ తీసి, కొత్త పేజీ తిప్పి, పైన వచ్చే శనివారం తేదీ వేసింది.